నీళ్లు పోసుకొని వస్తా ఉండు

మా ఇంట్లో స్నానాల గది బయట ఉండాది. గేటు తీసుకొని లోపలికొస్తే ఎడమచేతి పక్క, రేకుల కింద. ఇంట్లో కాలు పెట్టకముందే అది ఎదురవుతాది. పదకొండేండ్లు నేను పని నుంచి వచ్చి మొదట ఆ గదిలోకే పోయినాను. ఇంట్లో వాళ్ల మొగాలు చూసేది ఆ తర్వాతే.

నా పని కౌన్సెలింగ్. రాయదుర్గంలో ఒక ఆసుపత్రిలో మందుల కిటికీ పక్కన చిన్న గది నాది. రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకు పోయిన సంవత్సరం క్యాలెండరు. మనసు బాగలేనోళ్లు వస్తారు, వాళ్లు చెప్పేది వింటాను. మందులు కావాల్సినోళ్లను డాక్టరమ్మ దగ్గరికి పంపిస్తాను. మా బంధువుల్లో చాలామందికి నేనేం చేస్తానో ఇప్పటికీ అర్థం కాలేదు. "ఊరికే కూర్చొని మాట్లాడేదానికి జీతమిస్తారామ్మా?" అని మా చిన్నత్త ఒకసారి అడిగింది. మాట్లాడేదానికి కాదత్తా, మాట్లాడకుండా ఉండేదానికి ఇస్తారు అన్నాను. ఆమెకు అది ఇంకా వింతగా తోచింది.

గదిలో కూర్చునేది సగం పనే. మిగతా సగం ఊర్ల మీద. ఎవరైనా తమ ప్రాణం తామే తీసుకుంటే, మూడో నాడో ఐదో నాడో ఆ ఇంటికి పోయి, మిగిలినోళ్ల దగ్గర కూర్చోవాల. మా సీమలో ఆ పనికి కొదవ లేదు. వాన రాదు, వచ్చినా అదునుకు రాదు, చెనిక్కాయ చెట్టు గుప్పెడెత్తు లేచి ఆడే ఎండిపోతాది. కానీ అందరూ అనుకున్నట్టు ప్రతి చావుకూ వానే కారణం కాదు. అసలు ఒక్క కారణం అనేది ఎప్పుడూ ఉండదు. పోయి కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కారణం చెప్తారు. అదొక్కటే కాదని తెలిసీ తలూపుతాను. ఏదో ఒకటి పట్టుకోకపోతే ఆ ఇంటోళ్లు ఆ రాత్రి గడపలేరు.

మొదటిసారి అట్లాంటి ఇంటికి పోయొచ్చిన సాయంత్రం మా అత్త, అంటే మా ఇంటాయన తల్లి, గేటు దగ్గరే కాసుకొని ఉండింది. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది.

"ఆడే నిలబడు. చావింటికి పోయొచ్చి అట్లే ఇల్లు తొక్కుతావా? నీళ్లు పోసుకొని రా."

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువు చదివి, ఉద్యోగం చేసి వస్తే, గేటు దగ్గర నిలబెడతావా నన్ను అనిపించింది. కానీ మా అత్తతో పెట్టుకుంటే గెలిచేదెవరు? పోయి రెండు చెంబులు పోసుకున్నాను. పోసుకున్నాక, నిజం చెప్తాండా, ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంటి అగరొత్తుల వాసన, ఆ తల్లి నా చెయ్యి పట్టుకున్న పట్టు, అంతా కాలువలో పడి పోయింది. తల తుడుచుకుంటా ఇంట్లోకొచ్చి రెండు ముద్దలు సంగటి తిన్నాను.

ఆ పొద్దు పట్టుకున్న అలవాటు అది. చావింటికి పోయిన దినం మాత్రమే కాదు, ఆసుపత్రిలో కూర్చొని వచ్చిన దినం కూడా. పొద్దున్నుంచీ వాళ్లు చెప్పినవన్నీ ఒంటికి అంటుకొని ఉండాయి కదా, కడుక్కోవద్దా? శిక్షణలో మాకు చెప్పినారు, పనికీ ఇంటికీ మధ్య గీత ఒకటి గీసుకోండి, లేకపోతే ఈ పనిలో నిలబడలేరని. ఆ గీత యాడ గీసుకోవాలో వాళ్లు చెప్పలేదు. నేను స్నానాల గది గడప దగ్గర గీసుకున్నాను.

రాన్రాను అది పెరిగింది. నీళ్లు పోసుకునేదాకా నాతో ఎవరూ మాట్లాడగూడదు. తర్వాత, పోసుకున్నాక కూడా ఇంకో అరగంట మాట్లాడగూడదు. ఎవరైనా నోరు తెరిస్తే అరచెయ్యి ఎత్తి చూపేదాన్ని, బస్సును ఆపేటట్టు. "నీళ్లు పోసుకొని వస్తా ఉండు." ఆ మాట ఈ పదకొండేండ్లలో ఎన్ని సార్లు అనింటానో దేవుడికే తెలియాల. ఇంట్లో అందరూ అలవాటు పడినారు. నేను గేటు తీసిన చప్పుడైతే టీవీ కూడా తగ్గించేవాళ్లు.

మా ఊర్లో కొళాయి నీళ్లు ఐదారు దినాలకు ఒకసారి వస్తాయి. అట్లాంటి ఊర్లో దినమూ సాయంత్రం నాకోసమని ఒక బకెట్ నీళ్లు విడిగా ఉండాల. ఆ బకెట్ నింపి పెట్టేది నా కూతురు. ఒక్కతే కూతురు. ఎనిమిదేండ్లప్పుడు మొదలుపెట్టింది, నిండు బకెట్ ఎత్తలేక చెంబుతో తోడి తోడి నింపేది. చలికాలమైతే పొయ్యి మీద కాచిన నీళ్లు కలిపేది. తలుపు మీద తువ్వాలు వేసి, చెంబు బోర్లించి, నేను వచ్చేలోపల లోపలికి పోయేది. "నా బిడ్డ బంగారం, చెప్పకుండానే అన్నీ అర్థం చేసుకుంటాది" అని ఆసుపత్రిలో ఆయాకు గొప్పగా చెప్పుకున్నాను. చెప్పకుండానే అర్థం చేసుకునే పిల్ల, తనది కూడా చెప్పుకోకుండానే పెరుగుతాండాదని నాకు తట్టలేదు. మనుషులు చెప్పుకోలేనిది వినే పని చేసి బతికేదాన్ని, నాకు తట్టలేదు.

మా ఇంటాయన జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టర్. ఇంటికొచ్చేటప్పటికి చేతులు మోచేతుల దాకా నీలం. ఆయన ఎప్పుడైనా తన బాధ చెప్పబోతే నాకు తెలీకుండానే ఆసుపత్రి గొంతు వచ్చేది. మెత్తగా, నిదానంగా, "ఊ... అప్పుడు నీకేమనిపించింది?" అని. "సాల్లే మే, ఆ గొంతు ఈడ వద్దు. నేనేమన్నా ఓపీ చీటీ తీసుకొని వచ్చినానా?" అని లేచిపోయేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడా మాట గుర్తొస్తే నవ్వు రాదు.

అప్పటికి నాకు రెండే గొంతులు మిగిలినాయి. ఒకటి ఆసుపత్రిది, ఇంకోటి కసురుకునేది. పరాయోళ్ల బిడ్డ గంటసేపు ఏడ్చినా కదలకుండా కూర్చుంటాను. నా బిడ్డ లెక్కల్లో మార్కులు తగ్గినాయని మొగం మాడ్చుకుంటే, "దీనికే ఇంత రాద్ధాంతమా? నేను పొద్దున్నుంచీ ఏమేం చూసొచ్చినానో తెలుసా నీకు?" అని గుడ్లురిమేదాన్ని. ఛీ, అనిపిస్తాది ఇప్పుడు. అప్పుడు మాత్రం ఈ ఇంట్లో కష్టమనేది నా ఒక్కదానికే రాసి పెట్టినట్టు తిరిగేదాన్ని.

దసరా సెలవులు అయినాక ఒక సోమవారం. ఆ పొద్దు నా గదిలో ఒక గొర్రెల కాపరి రెండు గంటలు కూర్చున్నాడు. చెట్టంత మనిషి. మాట రాలేదు, ఏడుపూ రాలేదు. తలపాగా ఊడదీసి, మడిచి, మళ్లీ ఊడదీస్తా కూర్చున్నాడు. మాట్లాడేవాళ్లతో ఎంతసేపైనా ఉండొచ్చు కానీ, అట్లా కూర్చున్న మనిషి ముందర కూర్చునేది చాలా కష్టం. ఇంటికొచ్చేటప్పటికి నా తలకాయ పగిలిపోతాండింది.

గేటు తీసినాను. గుమ్మం ముందర రెండు జతల చెప్పులుండినాయి. ఒకటి నా కూతురిది. రెండోది ఎవరిదో తెలీదు. ఎడమ చెప్పు పట్టీ తెగితే జీన్సు దారంతో కుట్టినారు, ఇటుక రంగు లావు దారం. మా ఊర్లో ప్రతి ఇంట్లో ఆ దారపు ఉండలు దొరుకుతాయి, అయినా ఎందుకో అది కంటికి తగిలింది. అరుగు మీద నా కూతురి పక్కన ఒక పిల్ల కూర్చొని ఉండింది. నన్ను చూస్తూనే ఇద్దరూ లేచి నిలబడినారు.

"మ్మా, ఈ పిల్ల మా క్లాసు..." అని నా కూతురు మొదలుపెట్టింది.

నేను అరచెయ్యి ఎత్తినాను. "నీళ్లు పోసుకొని వస్తా ఉండు."

ఆ పిల్ల మొగం నేను చూడలేదు. కండ్లు అటు పోయినాయి, అంతే. యూనిఫారం, రెండు జడలు, ఒళ్లో బ్యాగు, ఇంతే గుర్తుండాది. లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నాను. ఆ పొద్దు మామూలు కంటే ఎక్కువ సేపే పోసుకున్నాను. ఇంట్లో పరాయి పిల్ల ఉండాది, బయటికి పోతే నవ్వాల, ఏం పేరమ్మా, ఏ ఊరమ్మా అని అడగాల. ఆ ఓపిక నాకు లేదు. నేను కావాలనే ఆలస్యం చేసినాను. ఇది ఎవరితోనూ అనలేదు, ఈడ రాస్తాండా.

బయటికొచ్చేటప్పటికి అరుగు మీద నా కూతురు ఒక్కతే ఉండింది.

"పోయిందా మీ స్నేహితురాలు?"

"కణేకల్ బస్సుకు టైమైపోయిందమ్మా. పోయింది."

"ఏమంట?"

నా కూతురు గోడ గడియారం వైపు చూసింది. ఇంకా అరగంట కాలేదు. "ఏం లేదులే మ్మా, తర్వాత చెప్తా" అంది.

అబ్బ, బతికినాను అనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను. పోయి మంచం మీద వాలినాను.

పది దినాలకు కణేకల్ పక్క ఒక ఊరికి పోవాల్సి వచ్చింది. పదహారేండ్ల పిల్ల అని నాకొచ్చిన కాగితంలో రాసుండింది. ఆ పక్క కాలువ నీళ్లు పారతాయి, వరి పండుతాది, మా ఎండు నేలల నుంచి పోయినోళ్లకు ఆ పచ్చదనం చూస్తే కండ్లు చల్లబడతాయి. "ఈడ నీళ్లు ఉండాయి కదా మేడం, ఈడ కూడా ఏమిటికి?" అన్నాడు జీపు డ్రైవరు. 

ఇంటి ముందర షామియానా ఇంకా తీయలేదు. ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురైదుగురు మొగోళ్లు తల వంచుకొని కూర్చొని ఉండినారు. ఒకరు మార్కులన్నారు. ఒకరు పెండ్లి మాటలన్నారు. ఇంకొకరు, అదేం లేదమ్మా, ముందు దినం కూడా నవ్వుతానే తిరిగింది అన్నారు. లోపల ఆ తల్లి గోడకు ఒరిగి కూర్చొని ఉండింది, ఒళ్లో బిడ్డ చున్నీ. నేను పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"ఎవరితోనైనా ఒక్క మాట చెప్పుకొనింటే నా బిడ్డ ఉండేది కదా మేడమ్మా. ఎవరితోనూ చెప్పుకోలేదే. ఒక్కరితో కూడా చెప్పుకోలేదే."

ఏం చెప్పాలో అది చెప్పినాను. పదకొండేండ్లుగా చెప్తాండే మాటలే. అవి అబద్ధాలు కావు. ఆమె చెయ్యి పట్టుకొని, నంబరు రాసిచ్చి, మళ్లీ వస్తానని లేచినాను.

గడప దాటినాక, తలుపు మూల, ఎవరికీ తీయడానికి మనసొప్పక వదిలేసిన చెప్పులు రెండు కనపడినాయి. ఎడమ చెప్పు పట్టీకి ఇటుక రంగు దారం కుట్టుండింది.

 కాళ్లు ఆడే ఆగిపోయినాయి. పది దినాల కిందట ఈ పిల్ల నా ఇంటి అరుగు మీద కూర్చునింది. నేను చెయ్యెత్తి పక్కకు పోయినాను. "ఏమైంది మేడం?" అన్నాడు డ్రైవరు. "ఏం లేదు, పదప్పా" అని జీపెక్కినాను. నాకు తెలిసిపోయింది, ఏమీ తెలీనట్టు కూర్చున్నాను. స్నేహితురాలు, నోట్సుకోసం వచ్చుంటాది, ఎవరింటికైనా పోతారు కదా పిల్లలు అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటా వచ్చినాను.

ఆ సాయంత్రం నీళ్ల బకెట్ సిద్ధంగా ఉండింది. నా కూతురు మామూలుగా లోపలికి పోలేదు, గుమ్మంలో నిలబడి నన్ను చూస్తాండింది. కాలేజీ అంతా తెలిసిన సంగతి, ఆమెకు తెలీకుండా ఉంటాదా? నేను యాడికి పోయొచ్చినానో కూడా తెలుసు. అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోయగూడదని మాకొక నియమం ఉండాది. మంచి నియమమే. ఆ పొద్దు మాత్రం నేను దాని చాటున దాక్కున్నాను. నీళ్లు పోసుకొని వచ్చి, "అన్నం తిన్నావా?" అన్నాను. "తిన్న్యా" అంది. తినలేదని గిన్నె చూస్తే తెలుస్తాండింది.

తర్వాత మూడు వారాలు మా ఇంట్లో ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. నా కూతురు కాలేజీకి పోయింది, వచ్చింది, బకెట్ నింపింది. మొదట పట్టుకున్నది మా అత్త.

"ఏమ్మే, పిల్ల ముద్ద సగం ఇడిసిపెడతాండాది. చూస్తాండావా?"

"పరీక్షలు కదత్తా."

"పరీక్షలకు కండ్ల కింద నలుపొస్తాదా? నాకేమన్నా చెవిలో పువ్వు పెడతాండావా?"

నా గదికి ఏ తల్లైనా వచ్చి ఇట్లా చెప్పుకుంటే, రేపటిదాకా ఆగొద్దమ్మా, ఈ పొద్దే పిల్చుకొని రా అంటాను. నా ఇంట్లో మాత్రం, ఆదివారం తీరికగా అడుగుదాంలే అనుకున్నాను. మూడు ఆదివారాలు వచ్చినాయి, పోయినాయి. ఒక ఆదివారం ఆమె గది దాకా పోయి, పుస్తకం చదువుకుంటాందిలే అని వెనక్కొచ్చినాను. పుస్తకం తలకిందులుగా ఉండిందేమో కూడా చూడలేదు. అడిగితే ఏం చెప్తాదోనని భయం. భయమే, దానికి ఇంకో పేరు లేదు.

బుధవారం మా గది ముందర బెంచీ ఖాళీ ఉండదు. ఓపీ చీటీల మీద పేరు, వయసు, ఊరు రాసుంటాది. ఆయా వాటిని కట్టగా పట్టుకొని వరుసగా నంబరు పిలుస్తాది. నేను ముందుగా చీటీలు చూడను. మనిషి వచ్చి కూర్చున్నాక, మొగం చూసినాకే చీటీ చేతికి తీసుకుంటాను. ఆ బుధవారం ఆయా "పదకొండూ" అని అరిచింది. తలుపు తోసుకొని నా కూతురు లోపలికి వచ్చింది. యూనిఫారంలోనే ఉండింది.

"ఏమ్మా? ఏమైంది? నాయనకేమన్నా అయిందా?" అని లేచినాను. నాయన బాగుండాడని తల ఊపింది. "అయితే కొంచెం బయట ఉండమ్మా, పేషెంటు రావాల" అన్నాను. నా చెయ్యి అప్పటికే సగం పైకి లేచింది.

"నేనే మ్మా పేషెంటు" అని చీటీ బల్ల మీద పెట్టింది. నా బిడ్డ పేరు, పదహారేండ్లు, రాయదుర్గం. "పొద్దున తొమ్మిదికే వచ్చి వరుసలో నిలబడి తీసుకున్న్యా."

"ఇంట్లో చెప్పొచ్చు కదమ్మా, ఇంతమందిలో..."

"ఇంట్లో యాడ చెప్పేది? ఈడైతే వింటావు."

కోపంగా అనింటే బాగుండు. మామూలుగా, ఉండేదే కదా అన్నట్టు అనింది. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. రెండు గంటలు తలపాగా మడిచిన ఆ కాపరి కూర్చున్న కుర్చీనే అది.

"ఆ పొద్దు మనింటికి వచ్చిందే ఆ పిల్ల, మ్మా..."

"తెలుసు. వాళ్లింట్లో చెప్పులు చూసినాను."

నా కూతురు తలెత్తి నన్ను చూసింది. "తెలిసీ నన్ను అడగలేదా?"

నేను బల్ల మీది చీటీని సరిచేసినాను. 

"ఊరికే రాలేదమ్మా అది. నీతో మాట్లాడాలని వచ్చింది. నేనే పిల్చుకొచ్చినా. ఆసుపత్రికి పోదాం పా అంటే భయపడింది, చీటీ మీద పేరు రాస్తారు, ఊర్లో తెలిసిపోతాదని. మా అమ్మ ఇంట్లో కూడా వింటాదిలే రా అన్న్యా. నువ్వు లోపల నీళ్లు పోసుకుంటాంటే ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. చెంబు సప్పుడు ఆగితే లేచేది, మళ్లీ వినపడితే కూర్చునేది. రెండు మూడు సార్లు లేచిందమ్మా. ఆఖరికి బస్సుకు టైమైపోయింది. 'మీ అమ్మ బాగా అలిసిపోయుండాదిలే, ఇంకో దినం వస్తా' అని పోయింది."

బయట బెంచీ మీద ఎవరో దగ్గుతాండారు. నా కూతురు ఆగలేదు, ఆగితే మళ్లీ చెప్పలేనేమో అన్నట్టు చెప్పుకుంటా పోయింది.

"ఆ పొద్దే చెప్పాలని అరగంట ఆగినా. అరగంటకు నువ్వు నిద్రపోయింటివి. పొద్దున మర్చిపోయినా మ్మా. నిజంగానే మర్చిపోయినా. రికార్డు రాసేది ఉండె. తర్వాత అది కూడా నన్ను అడగలేదు, నేను కూడా... నేను గుర్తు పెట్టుకొనింటే..."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాను. ఆసుపత్రి గొంతు తన పాటికి తాను వచ్చేసింది.

"అది అందరికీ చెప్తావు కదా."

"అందరికీ చెప్తాను. నిజం కాబట్టి చెప్తాను."

"అయితే ఎవరిది?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు బాగా తెలుసు. ఒక్కరిది అని ఉండదమ్మా, ఎన్నో కలిసి వస్తాయి, ఒక మనిషి ఒక పని చేసింటే ఆగుండేదని ఎవరూ చెప్పలేరు. వందల మందికి చెప్పినాను, ఆ పిల్ల తల్లికీ చెప్పినాను. నా బిడ్డ ముందర మాత్రం అది నోట్లోంచి రాలేదు.

"నాది" అన్నాను.

అప్పుడు ఏడ్చింది నా కూతురు. అంతవరకూ కండ్లలో తడి లేదు. "ఇందుకే చెప్పలేదు నీకు! ఇట్లంటావనే చెప్పలేదు. నీకు తెలిస్తే నువ్వు ఇంక ఈ కుర్చీలో కూర్చోలేవని... ఇంకెవరన్నా వస్తే వాళ్లకు ఎవరుంటారని..."

మూడు వారాలు నా బిడ్డ నన్ను కాపాడుకుంటా వచ్చింది. తిండి మానేసి, నిద్ర మానేసి, బకెట్ నింపుతా. నేను ఈ పని నేర్చుకునేదానికి పట్నం పోయి రెండేండ్లు చదివినాను. ఆమె నన్ను చూసి నేర్చుకుంది, నాలో ఉండే చెడ్డ భాగం కూడా.

"మరి ఈ పొద్దు ఎందుకు చెప్పాలనిపించింది?" అన్నాను.

"నా వల్ల కావడం లేదమ్మా. కండ్లు మూస్తే అది లేచి కూర్చునేదే కనపడతాది. ఒక్కోసారి నాక్కూడా..." అని ఆగిపోయింది.

మా పనిలో ఈ చోట చుట్టూ తిరగగూడదు. సూటిగా అడగాల. అడిగితే ఆ ఆలోచన పెరగదు, చెప్పుకునేదానికి దారి దొరుకుతాది. ఎంతోమందిని అడిగినాను, ఎప్పుడూ గొంతు వణకలేదు. ఆ పొద్దు బల్ల అంచు పట్టుకున్నాను.

"చచ్చిపోవాలనిపిస్తాండాదా నీకు?"

నా కూతురు తల ఊపింది. "అప్పుడప్పుడు."

బల్లకు అవతల మేము, ఇవతల వాళ్లు, అట్లే ఉండాలని మాకు నేర్పుతారు. నేను లేచి బల్ల చుట్టి ఇవతలికి వచ్చి, కింద కూర్చొని, ఆమె మోకాళ్లు రెండూ పట్టుకొని ఏడ్చినాను. ఆయా తలుపు తీసి "పన్నెండు" అని పిలవబోయి, చూసి, మెల్లగా మూసేసింది.

నా బిడ్డకు నేను వైద్యం చేయగూడదు. మిగిలిన చీటీలు డాక్టరమ్మకు అప్పజెప్పి, ఆ మధ్యాన్నమే మా ఇంటాయనను యూనిట్ నుంచి పిలిపించి, ముగ్గురం అనంతపురం ఆసుపత్రికి బస్సెక్కినాం. చేతులు కడుక్కోకుండానే వచ్చినాడు.  బిడ్డ తల తన భుజం మీద పెట్టుకొని, ఆ నీలం చేత్తో తల నిమురుతా దారి పొడుగునా అట్లే కూర్చున్నాడు. ఆ పని నేను చేసి ఎన్నేండ్లయిందో లెక్క తెలీలేదు నాకు.

అప్పటినుంచి వారం వారం పోతాండాం. ఆడ కౌన్సెలర్ నాకంటే చిన్నది. మొదటి దినమే నాతో, "లోపల తను చెప్పింది మీకు చెప్పలేను మేడం, మీకు తెలుసు కదా" అంది. తెలుసమ్మా అన్నాను. బెంచీ మీద మిగతా తల్లుల పక్కన కూర్చుంటాను. తలుపు సందులోంచి ఒక్కోసారి నా బిడ్డ గొంతు వినపడతాది, మాట వినపడదు. మనిషి కొంచెం కోలుకుంది. నిద్ర పడతాండాది. ముద్ద మొత్తం తింటాండాది.

మా అత్తకు సంగతి చెప్పిన దినం నా నోరు ఊరుకోలేదు. "అంతా నీ నీళ్ల పిచ్చి వల్లనే" అన్నాను. మా అత్త కొంగుతో కండ్లు ఒత్తుకుంది. తర్వాత అనింది, "చావింటికి పోయొచ్చిన పొద్దు పోసుకోమంటిని. దినమూ పోసుకోమంటినా? బిడ్డ మాట్లాడితే చెయ్యెత్తమంటినా?" 

కణేకల్ పక్క ఆ తల్లి దగ్గరికి ఇంకొకసారి పోయినాను. పోయేటప్పుడు చెప్పాలనే పోయినాను, నీ బిడ్డ చెప్పుకోవాలనే వచ్చిందమ్మా అని. ఆమె మజ్జిగ తెచ్చిచ్చి, "మీరొస్తే కొంచెం ఊపిరాడతాది మేడమ్మా" అంది. చెప్పలేకపోయినాను. చెప్తే ఆమెకు మేలో కీడో నాకు తెలీదు. నా భయం వల్ల ఆగినానా, ఆమె మీద జాలి వల్ల ఆగినానా, అదీ తెలీదు. మజ్జిగ తాగి వచ్చేసినాను.

మొదటిసారి అనంతపురం నుంచి వచ్చిన మరుసటి దినం నేను పని నుంచి ఇంటికొచ్చి గేటు తీసినాను. స్నానాల గది వైపు చూడకుండా, దుమ్ము కాళ్లతోనే నేరుగా లోపలికి పోయినాను. మా అత్త చూసి, పక్కకు జరిగి దారిచ్చింది. నా కూతురు చాప మీద పుస్తకాల ముందర కూర్చొని ఉండింది. ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పమ్మా" అన్నాను. ఏ గొంతుతో అన్నానో నాకే తెలీదు.

ఆమె నా కాళ్లు చూసింది. "నీళ్లు పెట్టినా మ్మా. పోసుకొని రా."

"అవి ఉంటాయిలే. ముందు నీతో..."

"చల్లారిపోతాయి. పో మ్మా."

పోయినాను. ఇప్పటికీ దినమూ అంతే, వస్తాను, కూర్చుంటాను, అడుగుతాను, నీళ్లు పెట్టినా పో అంటాది. తలుపుకు గొళ్లెం పెట్టను. చెంబుతో కుమ్మరిస్తే సప్పుడవుతాదని, చేత్తో కొంచెం కొంచెం తీసుకొని భుజాల మీద రాసుకుంటాను. మధ్య మధ్యలో చెయ్యి ఆపి, నా బిడ్డ పిలుస్తాదేమోనని చెవి తలుపు దగ్గర పెడతాను. బకెట్ సగం అట్లే మిగిలిపోతాది. ఇంతవరకూ పిలవలేదు.